ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్: మూడింట్లోనూ నడిచే జాయిన్ ఎలా రాయాలి?

కొత్తక్వెరీ:
మా రిపోర్టింగ్ టూల్ ఇన్నాళ్లూ ఒరాకిల్ డేటాబేస్ మీదే నడిచింది. ఇప్పుడు అదే కోడ్ మైఎస్‌క్యూఎల్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కూడా నడవాలట. టేబుళ్లను కలపడానికి (జాయిన్) పాత క్వెరీలన్నిట్లో ఫ్రమ్ తర్వాత టేబుళ్లను కామాలతో పేర్చేసి, వేర్‌లో కాలమ్ పక్కన బ్రాకెట్లో ప్లస్ పెట్టేశారు, అది మిగతా రెండింట్లో ఎర్రర్ కొడుతోంది. ఒక్కో డేటాబేస్‌కి ఒక్కో కాపీ పెట్టుకోవడం తప్ప దారి లేదా? కొన్నిట్లో ఫుల్ అవుటర్ జాయిన్ (రెండు టేబుళ్లలో జోడీ దొరకని వరుసల్ని కూడా ఉంచేది) కూడా ఉంది.

టేబుల్‌స్కాన్:
కాపీలు వద్దండీ, నెల తిరక్కుండా దేనికది వేరైపోతుంది. ఆ ప్లస్ ఒరాకిల్ సొంత పద్ధతి. జాయిన్, ఆన్ అని రాసేది 1992 ఎస్‌క్యూఎల్ స్టాండర్డ్‌లోనే ఉంది, ఒరాకిల్ కూడా 9ఐ వెర్షన్ నుంచి తీసుకుంటుంది, కాబట్టి అన్నీ అలా మార్చేయండి. ప్లస్ ఉన్న టేబుల్ లెఫ్ట్ జాయిన్‌కి కుడివైపు వస్తుంది; ఎడమ టేబుల్ వరుసలన్నీ ఉంచేదే లెఫ్ట్ జాయిన్. ఒక్కచోట మాత్రం జాగ్రత్త: ఆర్డర్ల స్టేటస్ 'పెండింగ్' అనే షరతు పక్కన కూడా ప్లస్ ఉంటే అది ఆన్‌లోకి వెళ్లాలి. వేర్‌లోనే వదిలేస్తే ఆర్డర్ లేని కస్టమర్‌కి స్టేటస్ నల్ (విలువ లేదు) అని వస్తుంది, నల్ దేనితోనూ సమానం కాదు, ఆ వరుస ఎగిరిపోతుంది, లెఫ్ట్ జాయిన్ కాస్తా ఇన్నర్ జాయిన్ (జోడీ ఉన్న వరుసలే ఉంచేది) అవుతుంది. ఎర్రర్ రాదు, టోటలే తప్పొస్తుంది.

నల్‌వాలా:
ఒకే పేరున్న కాలమ్‌లతో కలిపే యూజింగ్, నేచురల్ జాయిన్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లేవు. టేబుల్ అలియాస్ (పొట్టిపేరు) ముందు యాజ్ పెట్టొద్దు, ఒరాకిల్ ఊరుకోదు. ఇన్నర్ జాయిన్‌లో ఆన్ మర్చిపోతే మైఎస్‌క్యూఎల్ కిక్కురుమనకుండా క్రాస్ జాయిన్ (ప్రతి వరుసనీ ప్రతి వరుసతో కలపడం) చేసేస్తుంది. ఫుల్ అవుటర్ అయితే దాంట్లో అసలు లేదు.

కొత్తక్వెరీ:
థాంక్సండీ. మరి ఫుల్ అవుటర్‌కి రెండు లెఫ్ట్ జాయిన్ల మధ్య యూనియన్ (రెండు ఫలితాల్ని ఒకదాని కింద ఒకటి చేర్చేది) పెడితే చాలా?

నల్‌వాలా:
చాలదు. యూనియన్ నకళ్లను తీసేస్తుంది, డేటాలో నిజంగానే ఒకేలాంటి వరుసలు రెండుంటే ఒకటి మాయం. నకళ్లను ఉంచే యూనియన్ ఆల్ పెట్టి, రెండో సగంలో టేబుళ్లను తారుమారు చేసి, మొదటి సగంలో ఎడమనున్న టేబుల్ జాయిన్ కాలమ్ నల్ అయిన వరుసలే వచ్చేలా వేర్ రాయండి. సెలెక్ట్‌లో కాలమ్‌ల వరుస మాత్రం రెండు సగాల్లోనూ ఒకటే ఉండాలి.

పాతకోడర్:
సింటాక్స్ కుదిరినా రిజల్ట్ ఒకటే వస్తుందని నమ్మొద్దు. ఖాళీ స్ట్రింగ్‌ని ఒరాకిల్ నల్‌గా చూస్తుంది, అందుకే రెండువైపులా కోడ్ ఖాళీగా ఉన్న వరుసలు అక్కడ కలవవు, మిగతా రెండింట్లో కలుస్తాయి. స్ట్రింగ్ కాలమ్‌ల మీద జాయిన్ చేస్తే పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఒరాకిల్ మామూలుగా పట్టించుకుంటుంది, మిగతావి కొలేషన్ (అక్షరాలను పోల్చే సెట్టింగ్) బట్టి వదిలేయొచ్చు. వీలైతే నంబర్ కీల మీదే కలపండి. అప్‌డేట్‌లో జాయిన్‌లుంటే అదింకో గొడవ, మైఎస్‌క్యూఎల్‌ది ఒక తీరు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌ది ఇంకో తీరు. సెట్‌లో సబ్‌క్వెరీ పెట్టి, వేర్‌లో ఎగ్జిస్ట్స్ (జోడీ ఉందా అని చూసేది) కూడా పెట్టండి, లేదంటే జోడీ దొరకని వరుసల్లో ఆ కాలమ్ నల్ అయిపోతుంది. మెర్జ్ (ఉన్న వరుసని మార్చి, లేకపోతే చేర్చే కమాండ్) జోలికి పోకండి, మైఎస్‌క్యూఎల్‌లో అది లేదు.