నీళ్లు తేటగానే ఉన్నాయి, కొత్త తొట్టిలో చేపలు ఎప్పుడు వేయవచ్చు?

ప్రశ్న: బరంపురం నుంచి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పట్టుబట్టడంతో ఇటీవల 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు ఉన్న గాజు తొట్టి కొన్నాను. నీళ్లు పోసి యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి మర్నాడే చేపలు వదలమని దుకాణదారు చెప్పాడు. నేను సందేహిస్తే "కిచ్చి హెబొ నాహి" (ఏమీ కాదు) అని ఒడియాలో చెప్పి నవ్వి పంపించాడు. ఆ మాట నమ్మి ఆరు నియాన్ టెట్రాలు వేస్తే, ఐదో రోజుకు నాలుగు చనిపోయాయి. మిగిలిన రెండింటినీ తెలిసినవారి తొట్టికి పంపేశాను. నీళ్లు మాత్రం ఇప్పటికీ అద్దంలా ఉన్నాయి, అదే నాకు అంతుపట్టడం లేదు.

ఈసారి మొదటి నుంచి సరిగా చేయాలని ఉంది. మాది బోరు నీరు, బకెట్లకు తెల్లని చార కడుతుంది. దాని బదులు ఆర్వో నీళ్లు పోయడం మేలా? గోపాల్‌పూర్ తీరం నుంచి తెచ్చిన ఇసుకను అడుగున పరచవచ్చా? ఖాళీ తొట్టిని ఎన్నాళ్లు నడపాలి?

సమాధానం: రాయగడ నుంచి

నీళ్లు తేటగా ఉన్నాయంటే మట్టి, మడ్డి లేవని మాత్రమే అర్థం. మీ చేపలను చంపింది బహుశా అమ్మోనియా, దానికి రంగు లేదు. చేపల మొప్పల నుంచి, విసర్జన నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అది నిత్యం పుడుతూనే ఉంటుంది. పాత తొట్టిలో ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ కొద్దిపాటిగా ఉన్నా చేపలకు విషమే, మూడోది మాత్రం మరీ పేరుకుపోతే తప్ప పెద్దగా హాని చేయదు. ఈ బాక్టీరియా ఎక్కువగా ఫిల్టరు స్పాంజిని, గులకరాళ్లను పట్టుకుని పెరుగుతుంది గనుక కొత్త తొట్టిలో అది లేనట్టే లెక్క.

దాన్ని పెంచడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫిల్టరును రాత్రింబగళ్లు నడుపుతూ, రెండు రోజులకొకసారి చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్లి పుట్టే అమ్మోనియాయే ఆ బాక్టీరియాకు ఆహారం. చుక్కల మందుతో వచ్చే టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి, అలంకరణ బొమ్మల మీద పెట్టే డబ్బు దాని మీద పెట్టినా నష్టం లేదు. ముందు అమ్మోనియా పెరుగుతుంది, అది తగ్గుతుండగా నైట్రైట్ లేస్తుంది, చివరకు రెండూ సున్నాకు దిగి నైట్రేట్ ఒక్కటే కనిపిస్తుంది. మేత వేస్తూనే ఉన్నా ఆ రెండూ వరుసగా కొన్ని రోజులు సున్నాగా నిలిచినప్పుడే తొట్టి సిద్ధమైందనుకోవాలి.

ఇంకొక మాట. యాంటీ క్లోరిన్ చుక్కలు మునిసిపల్ కుళాయి నీటికి అవసరం. మీ బోరు నీటిలో, పై ట్యాంకులో ఎవరూ బ్లీచింగ్ పౌడరు కలపకపోతే, వాటికి పనే లేదు.

సమాధానం: పర్లాకిమిడి నుంచి

సముద్రపు ఇసుక వద్దే వద్దు. అందులోని ఉప్పును ఎన్నిసార్లు కడిగినా గవ్వల పొడి మిగులుతుంది, అది కొద్దికొద్దిగా కరిగి ఇప్పటికే కఠినంగా ఉన్న మీ నీటిని మరింత కఠినం చేస్తుంది. నది గులకరాళ్లు తెచ్చుకున్నా, రెండు మూడింటి మీద వెనిగర్ చుక్క వేసి చూడండి, నురగ వస్తే అవి సున్నపు రాళ్లు.

ఆర్వో నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు, దాన్నొక్కదాన్నే పోస్తే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) నిలకడగా ఉండదు. బోరు నీటినే ఉంచి, దానికి తగిన చేపలను ఎంచుకోవడం సులువైన దారి. నియాన్ టెట్రాలు అమెజాన్ ప్రాంతపు మెత్తని నీటి చేపలు, మీ ఇంటి నీటిలో గప్పీలు, మోలీలు సుఖంగా ఉంటాయి. పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి పెరిగితే, అమ్మోనియాలో విషరూపంలో ఉండే భాగం దాదాపు పది రెట్లవుతుంది. మీ నీటి పీహెచ్ ఎక్కువై ఉంటే, అంత తొందరగా చేపలు పోవడంలో ఆశ్చర్యం లేదు.

బరువు సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ తొట్టిలో నిండా పోస్తే 56 లీటర్లు పడతాయి, గాజు, రాళ్లు కలిపితే 70 కిలోలు దాటుతుంది. సమంగా ఉన్న గట్టి బల్ల మీద థర్మోకోల్ షీటు పరచి దానిపై నిలపండి. 2018లో తిత్లీ తుపాను తర్వాత మా ఇంట్లో చాలా రోజులు కరెంటు లేదు. గాలి ఆడక ఫిల్టరులోని బాక్టీరియా చచ్చిపోయి, మళ్లీ మొదటికి వచ్చాను. బాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో ఉంచుకోవడం మన జిల్లాలవాళ్లకు అవసరం.

జీబ్రా చేపలు గట్టివి గనుక వాటినే ముందు వేసి తొట్టిని సిద్ధం చేయమని కొందరు సలహా ఇస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను. అవి బతికాయి గానీ, నీటి పైన నోళ్లు తెరిచి గాలి కోసం పడిన అవస్థ చూశాక ఇక ఎవరికీ చెప్పడం మానేశాను.

సమాధానం: కోరాపుట్ నుంచి

మా కొండల మీద డిసెంబరులో మొదలుపెట్టిన తొట్టికి ఎనిమిది వారాలు పట్టింది, ఎందుకంటే చల్లని నీటిలో ఈ బాక్టీరియా మందకొడిగా పెరుగుతుంది. 50 వాట్ల హీటరు పెట్టి 26 డిగ్రీల దగ్గర నిలిపిన తర్వాతే నైట్రైట్ కదిలింది. మీ ఊళ్లో ఆ ఇబ్బంది తక్కువ. ఆరోగ్యమైన పాత తొట్టి ఉన్న మిత్రులెవరైనా ఉంటే, వారి ఫిల్టరు స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చి, ఆరనివ్వకుండా మీ ఫిల్టరులో పెట్టండి, కాలం బాగా కలిసి వస్తుంది. జబ్బు చేపలున్న తొట్టి నుంచి మాత్రం తేవద్దు.

ప్రశ్న వేసినవారు, ఐదు వారాల తర్వాత

మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ రెండు టెట్రాలను పెంచుతున్నవారి దగ్గరే స్పాంజి ముక్క దొరికింది. నాలుగు రోజులుగా అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపిస్తున్నాయి, నైట్రేట్ లీటరుకు 80 మిల్లీగ్రాములుంది. రేపు పన్నెండు గప్పీలు తేవచ్చా?

సమాధానం: రాయగడ నుంచి

ముందు మూడు వంతులు నీరు మార్చి, నైట్రేట్ 20 దగ్గరకు దిగిందని చూసుకోండి. రేపటికి నాలుగు చాలు, అన్నీ మగవి తెస్తే సంఖ్య మీ చేతిలో ఉంటుంది. సంచిని ఇరవై నిమిషాలు తొట్టి నీటిపై తేలనిచ్చి, చేపలను వలతో తీసి వదలండి, దుకాణం నీటిని తొట్టిలో పోయకండి. రెండు వారాలు రీడింగులు సున్నాగానే ఉంటే తక్కినవి తెచ్చుకోవచ్చు.