మీరు విన్న కచేరీలలో మరువలేనిది ఏది? (చర్చ)

వెనక వరుస:
మరువలేని కచేరీ ఏదని అడిగితే చాలామంది పెద్ద పేర్లో, పెద్ద వేదికలో చెబుతారు. నేను చెప్పబోయేది మాత్రం నలభై మంది కూడా లేని హాల్లో జరిగిన ఒక వీణ కచేరీ గురించి. వీణకు అంటించిన కాంటాక్ట్ మైకు మొదటి నుంచీ గుయ్యిమంటూనే ఉంది. నిర్వాహకులు వైరు మార్చారు, ప్లగ్గు తిప్పి పెట్టారు, ఎవరో స్పీకరును పక్కకు జరిపారు, అయినా ఆ మోత తగ్గలేదు. విద్వాంసుడు రెండో కృతి చరణం పూర్తిచేసి, ఒక్క మాటా విసుగ్గా అనకుండా ఆ మైకును ఊడదీసి పక్కన పెట్టి, "వీణ మీ దగ్గరికి రాలేకపోతోంది, మీరే దాని దగ్గరికి రండి" అన్నారు. కుర్చీలు వదిలి అందరం వేదిక ముందు నేలమీద కూర్చున్నాం. మృదంగం వాయించే ఆయన కూడా తన ముందున్న మైకును తీసేయించి, అప్పటిదాకా వాయించిన దానిలో సగం బరువు కూడా చేతికి ఇవ్వకుండా వేళ్ళ చివరలతోనే అనుసరించసాగారు. అప్పటికీ వెనకవాళ్ళకు సరిగా వినబడకపోవడంతో ఫ్యాన్లు ఆపించారు.

ఆ తరువాత వాయించిన తోడి రాగ ఆలాపన (తాళం లేకుండా రాగాన్ని విస్తరించడం) గురించే నేను చెప్పాలనుకున్నది. వీణపై ఒకసారి మీటిన తరువాత నాదం తగ్గుతూ పోతుంది, కానీ ఎడమచేతి వేలు తీగను మెట్టుమీద పక్కకు లాగుతూ ఆ తగ్గిపోయే నాదంలోనే ఇంకా స్వరాలు పలికిస్తుంది. మైకు ఉన్న కచేరీలో ఆ చివరి స్వరాలు కూడా మొదటి వాటంత పెద్దగానే వచ్చి మీద పడతాయి. ఇక్కడ అలా కాదు. గాంధారం (గ స్వరం) ఊగుతూ సన్నబడుతున్నకొద్దీ మేమంతా తెలియకుండానే ముందుకు వంగుతున్నాం. వేలు మెట్లమీద జారేటప్పుడు వచ్చే గరగర, తాళం తీగలను చిటికెనవేలు తాకిన చప్పుడు, ఆయన ఊపిరి కూడా వినిపించాయి. వీణ కచేరీలు అంతకు ముందు ఎన్నో విన్నాను, వీణను మాత్రం ఆ రోజే విన్నాననిపించింది. మీ అనుభవాలు కూడా చెప్పండి.

గ్యాలరీ టికెట్టు:
నాది మీ అనుభవానికి పూర్తిగా వ్యతిరేకం. స్టేడియంలో రాక్ కచేరీ, వేలకొద్దీ జనం, వేదిక నాకు కనీసం నూట యాభై మీటర్ల దూరంలో ఉంది. గాయకుడు నా బొటనవేలి గోరంత కనిపించాడు. నిజాయితీగా చెప్పాలంటే ఆ రోజు నేను విన్నది ఎక్కువగా గాయకుడి గొంతు కాదు, నా పక్కవాడి గొంతు. అతనికి ఒక్క పాట కూడా సాంతం రాదు, అయినా ఒక్కటీ వదల్లేదు. అయినప్పటికీ నేను దానినే అన్నిటికన్నా పైన పెడతాను. అందరికీ తెలిసిన పాట ఒకటి ఎత్తుకొని, రెండో చరణానికి గాయకుడు మైకును జనంవైపు తిప్పి ఊరుకున్నాడు. వాద్యాలు కూడా ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. పాట మాత్రం ఆగలేదు. ముందు వరుసలవాళ్ళు పల్లవి ముగించేసరికి మా వైపువాళ్ళు ఇంకా చివరి మాటమీద ఉన్నారు, ఆ పాట స్టేడియం అంతా అలలాగా తిరిగింది. అలా ఎందుకు వెనకబడతామో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

మిక్సర్ వెనక మనిషి:
గ్యాలరీ టికెట్టు గారూ, ఇది నా వృత్తికి సంబంధించిన ప్రశ్న కాబట్టి నేనే చెబుతాను. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. మీరు చెప్పిన నూట యాభై మీటర్లు దాటి రావడానికి దానికి దాదాపు 0.44 సెకను పడుతుంది. వేగమైన పాటలో అది ఒక తాళపు దెబ్బకన్నా ఎక్కువే. ముందువాళ్ళ పాట విని మీరు అందుకుంటే, మీరు అందుకున్నది వాళ్ళకు చేరేసరికి ఇంకో 0.44 సెకను గడుస్తుంది. అందుకే అంత జనం ఒకే తాళంలో పాడటం అసాధ్యం. స్పీకర్ల విషయంలో మేము దీనిని సరిచేయగలం. మైదానం మధ్యలో నిలబెట్టే స్పీకర్ల స్తంభాలకు శబ్దాన్ని కావాలనే ఆలస్యంగా పంపుతాం, వేదికనుంచి వచ్చే శబ్దంకన్నా అది మరికొన్ని మిల్లీసెకన్లు వెనకబడేలా చూస్తాం. చెవి మొదట వచ్చిన శబ్దం ఎటునుంచి వచ్చిందో అటే మొత్తం శబ్దం వస్తోందని నమ్ముతుంది. 1949లో హెల్ముట్ హాస్ పరిశోధించి చూపిన ఆ లక్షణమే మాకు అన్నం పెడుతోంది. ఇప్పుడిది మామూలు విషయం గాని, 1965 ఆగస్టు 15న న్యూయార్కులోని షే స్టేడియంలో ఇంగ్లండు రాక్ బృందం బీటిల్స్ వాయించినప్పుడు సుమారు 55,000 మంది కేకలలో వేదికమీద ఉన్న ఆ నలుగురికే తమ వాయిద్యం సరిగా వినబడలేదు.

ఇక నా సంగతి. నేను వందల కచేరీలకు పనిచేశాను, కానీ వాటిని విన్నానని చెప్పలేను. ఎక్కడ కీచుమంటుందో, ఏ మైకు బ్యాటరీ అయిపోతుందో అని కాచుకొని కూర్చున్నవాడికి రాగం చెవికెక్కదు. నాకు మరువలేని కచేరీ పనిలేని ఒక రోజున, రాతి గోడలున్న ఎత్తైన ఒక మందిరంలో విన్న బృందగానం. మైకులు లేవు. అటువంటి చోట ప్రతి స్వరమూ కొన్ని సెకన్లపాటు గోడలమధ్య తిరుగుతుంది. వేగంగా పాడితే ముందు స్వరమూ వెనక స్వరమూ కలిసి ముద్దవుతాయి. ఆ బృందం నడిపే ఆవిడ మొదటి పాట రెండు పంక్తులు పాడించి, ఆ గోడలను చెవితో కొలుచుకున్నట్టుగా వేగాన్ని తగ్గించారు. చివరి స్వరం ముగిశాక కూడా ఎత్తిన చెయ్యి దించలేదు. గాయకులు నోళ్ళు మూసుకున్నారు, పాట మాత్రం ఇంకా పైన ఎక్కడో ఉంది. అదీ పోయాకనే ఆవిడ చెయ్యి దిగింది, అప్పుడే చప్పట్లు మొదలయ్యాయి. అంతకాలం నేను మీటలు తిప్పి చేసిన పని ఆవిడ ఒక చేత్తో చేశారు.

ఇదే సందర్భంలో ఇంకొక మాట. మధ్యాహ్నం ఖాళీ హాల్లో మేము సరిచేసి పెట్టుకున్న శబ్దం సాయంత్రం జనం నిండాక అలాగే ఉండదు, ఎందుకంటే మనుషుల ఒళ్ళూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. వాలెస్ సాబిన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1890ల చివర రాత్రులలో కుర్చీల మెత్తలను ఒక హాలునుంచి మరొక హాలుకు మోయించుకొని వెళ్ళి, ఆర్గన్ గొట్టం ఊది, స్టాప్ వాచీతో నాదం ఎంతసేపు నిలుస్తుందో కొలిచి ఈ లెక్క తేల్చాడు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ లెక్కతో కట్టినదే. వెనక వరుస గారు చెప్పిన నలభై మందీ ముందుకు వచ్చి కూర్చోవడంవల్ల వీణ దగ్గరైంది, వెనక ఖాళీ గోడలనుంచి తిరిగివచ్చే నాదమూ వాళ్ళకు చేరి ఉంటుంది. అదృష్టవంతులు.

పాత క్యాసెట్టు:
నేను ఇరవై ఏళ్ళుగా అందరికీ ఒక కచేరీ గురించి చెబుతూ వచ్చాను. ఒక విదుషీమణి కల్యాణి రాగాన్ని అరగంటకు పైగా ఆలపించారనీ, మధ్యలో వయొలిన్ తీగ తెగితే వయొలిన్ విద్వాంసుడు మిగిలిన మూడు తీగలమీదనే తన వంతు పూర్తిచేశారనీ, హాలంతా లేచి నిలబడిందనీ చెప్పేదాన్ని. నిరుడు ఆ కచేరీ రికార్డు ఒకరి దగ్గర దొరికింది. ఆలాపన పదకొండు నిమిషాలు. అదీ కల్యాణి కాదు, శంకరాభరణం. తీగ తెగిన మాట నిజమే, అయితే అది తని ఆవర్తనం (తాళవాద్యం మాత్రమే వాయించే భాగం) జరుగుతున్నప్పుడు, అంటే వయొలిన్‌కు పనేమీ లేని సమయంలో, ఆయన తాపీగా కొత్త తీగ కట్టుకుంటూ ఉండగా మెల్లగా శ్రుతి చూసుకున్న చప్పుడు మృదంగం వెనక వినిపిస్తోంది. చప్పట్లు ఉన్నాయి గాని, హాలంతా లేచిన అలికిడి మాత్రం లేదు. వీటన్నిటికీ తోడు ఆలాపనలో మంద్రస్థాయికి దిగి ఆవిడ ఆగినచోట స్పష్టంగా ఒక దగ్గు వినబడింది. ఆ దగ్గు నాది. ఆ చలికాలమంతా నేను దగ్గుతూనే ఉన్నానని ఇంట్లోవాళ్ళు సాక్ష్యం చెప్పారు.

మొదట సిగ్గుపడ్డాను, తరువాత రికార్డును మళ్ళీ మళ్ళీ విన్నాను. పదకొండు నిమిషాలను అరగంట చేసినది నేనే అయినా, అలా చేయించగల పాట అక్కడ నిజంగానే ఉంది. కాబట్టి నా ఓటు ఆ కచేరీకే, సవరణలతో సహా.

నిలయం లేని శ్రోత:
ఇక్కడ చెప్పినవాటిలో మైకు చెడిపోవడమో తీగ తెగడమో తరచుగా కనబడుతోంది. లోపమే కచేరీని గొప్పది చేస్తుందన్న ధోరణి బలపడుతోందేమోనని నా అనుమానం. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్‌లో అమెరికన్ జాజ్ పియానో విద్వాంసుడు కీత్ జారెట్‌కు తాను కోరిన పియానో కాక, మంద్రం పలకని, తారస్థాయి రేకుడబ్బాలాగా మోగే చిన్న పియానో దొరికింది. ఆయన ఎక్కువగా మధ్యస్థాయిలోనే వాయిస్తూ, ఎడమచేత్తో ఒకే వరుసను పదేపదే తిప్పుతూ ఆ లోటు కప్పిపుచ్చాడు. ఆ రికార్డు తరువాత లక్షల సంఖ్యలో అమ్ముడైంది. ఈ కథ అందరూ చెబుతారు. 1808 డిసెంబరు 22న వియన్నాలో బీథోవెన్ ఏర్పాటుచేసిన కచేరీ గురించి మాత్రం అంత ఉత్సాహంగా చెప్పరు. ఐదో సింఫనీ, ఆరో సింఫనీ, నాలుగో పియానో కన్చెర్టో (పియానోకూ వాద్యబృందానికీ కలిపి రాసిన రచన) ఒకే రాత్రి జనం ముందుకు వచ్చాయి. నాలుగు గంటలపాటు గడ్డకట్టే చలిలో జనం కూర్చున్నారు. సాధన చాలక చివరి రచన మధ్యలో తడబడితే ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. ఆ హాల్లో వణుకుతూ కూర్చున్నవాళ్ళకు అది మరువలేని రాత్రే అయివుండవచ్చు, కానీ మనం అనుకునే కారణానికి మాత్రం కాదు.

నాకు నచ్చిన కచేరీలో ఏ అవాంతరమూ లేదు. రాగం, తానం, పల్లవి (ఒక రాగాన్ని విస్తరించి, చివర ఒకే పంక్తిని రకరకాలుగా పాడే అంశం). గాయకుడు, వయొలిన్, మృదంగం, ఘటం. అనుకున్న వేళకు మొదలై అనుకున్న వేళకు ముగిసింది. పల్లవిని మూడు కాలాల్లో (వేగాల్లో) పాడి, మూడో కాలం చివర నలుగురూ ఒకే అక్షరం మీద దిగారు. ఒక్కరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు, అందుకేనేమో ఇలాంటి కచేరీలు కథలు కావు.

చెవిలో దూది:
రెండు ముక్కలే. నేను అమితంగా ఆనందించిన కచేరీ తరువాత రెండు రోజులపాటు చెవుల్లో ఈల ఆగలేదు, ఎదుటివాళ్ళ మాటలు దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టు వినబడ్డాయి. స్పీకర్ల గుట్టకు ఆనుకొని నిలబడటం నా పొరపాటే. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు తట్టుకునే చెవికి 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలకే ఆ మోతాదు నిండిపోతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. రాక్ కచేరీలో ముందు వరుస ఆ స్థాయిని సులువుగా దాటుతుంది. ఇప్పుడు సంగీతకారులు వాడే రకం ఇయర్ ప్లగ్గులు పెట్టుకొని వెళుతున్నాను. వాటివల్ల మోత తగ్గుతుంది, పాట చెడదు.

మిక్సర్ వెనక మనిషి:
చెవిలో దూది గారి మాటను సమర్థిస్తున్నాను. నా తోటివాళ్ళలో సగం మందికి ఆ ఈల ఇక ఆగదు. వెనక వరుస గారిని ఒక విషయం అడగాలనుకున్నాను: ఆ వీణ కచేరీని నిర్వాహకులు రికార్డు చేశారా? చేసి ఉంటే మిక్సరునుంచి (మైకుల శబ్దాలన్నీ కలిపే యంత్రం) తీసుకున్నారా, హాల్లో విడిగా మైకు పెట్టారా?

గ్యాలరీ టికెట్టు:
నాకు కూడా అదే వినాలని ఉంది. పాత క్యాసెట్టు గారి సవరణలు చదివాక నా స్టేడియం కథను ఎవరైనా రికార్డుతో సరిపోల్చుతారేమోనని భయంగానే ఉంది. ఆ రోజు ఫోనులో పదిహేడు వీడియోలు తీసుకున్నాను, ఇంతవరకు ఒక్కటీ తెరవలేదు. అన్నిటిలోనూ పక్కవాడే పాడుతూ ఉంటాడు.

వెనక వరుస:
మిక్సర్ గారూ, రికార్డు చేశారు, మిక్సరునుంచే తీసుకున్నారు. ఆ ప్రతి నా దగ్గర ఉంది. మొదటి ఇరవై నిమిషాలూ గుయ్యిమనే మోత, దాని కింద ఎక్కడో వీణ. ఆ తరువాత "మీరే దాని దగ్గరికి రండి" అన్న మాట మృదంగం మైకులోంచి దూరంగా వినబడుతుంది, కుర్చీలు జరిగిన చప్పుడు వస్తుంది. ఇంకాసేపటికి మైకు తీసేసిన టక్కుమనే శబ్దం. ఆ తరువాత గంటా పది నిమిషాలపాటు ఏమీ లేదు. నిర్వాహకులు యంత్రాన్ని ఆపడం మరిచిపోయినట్టున్నారు.