బోవీ కత్తి వీపు మీద ఇత్తడి పట్టీ: చరిత్రా, సినిమావాళ్ల పనా?

పాతఇనుము: డాలస్ దగ్గర పాత ఆయుధాల సంతలో 1830ల నాటి బోవీ కత్తి (జిమ్ బోవీ అనే అమెరికన్ పేరు మీద వచ్చిన పెద్ద పోరాట కత్తి) అని చెప్పి 900 డాలర్లకు నాకు అంటగట్టారు. పదును లేని వీపు పొడవునా ఇత్తడి పట్టీ, పిడి దగ్గర చేతికి అడ్డుగా పెద్ద గార్డు. ఎదుటివాడి దెబ్బ ఆ మెత్తటి ఇత్తడిలో దిగి ఆగిపోతుందట. తెలిసినవాళ్లకు చూపిస్తే, 1952 సినిమా ‘ది ఐరన్ మిస్ట్రెస్’ కోసం చేసిన కత్తికి ఇది నకలు అన్నారు. జిమ్ బోవీ అన్న రెజిన్ 1838లో పత్రికకు ఉత్తరం రాస్తూ మొదటి కత్తి కొలతలు ఇచ్చాడు: అలుగు తొమ్మిదింబావు అంగుళాలు, వెడల్పు అంగుళంన్నర, ఒకవైపే పదును, వంపు లేదు. ఇత్తడి మాటే లేదు.

గోదారిగట్టు: అది మొదటి కత్తి సంగతి. జిమ్ బోవీ కత్తితో పోరాడిన 1827 శాండ్‌బార్ గొడవతో పేరు మోగాక ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కత్తుల తయారీవాళ్లే రకరకాలుగా చేసి అమెరికాకు పంపారు. 1838లో టెనెసీ అమ్మకాన్ని నిషేధిస్తూ ‘బోవీ కత్తిని రూపంలో, పరిమాణంలో పోలిన ఏ కత్తి అయినా’ అని రాసింది. అప్పటికే ఒక రూపం లేదు. జిమ్ బోవీదేనని కొందరు చెప్పే ముస్సో నైఫ్‌కి ఇత్తడి ఉంది కదా?

పాతఇనుము: దాని వయసు మీద కలెక్టర్లే కొట్టుకుంటున్నారు. ఇంకో సాక్ష్యం చూపించండి.

మినపసున్ని: శాన్ ఆంటోనియోలో, టెక్సాస్ పోరులో జిమ్ బోవీ చనిపోయిన అలమో కోట దగ్గర, రెజిన్ బహుమతిగా ఇచ్చిన కత్తి చూశాను. నల్ల పిడి, గార్డే లేదు. మా అమ్మ కూరగాయలు తరిగే కత్తి గుర్తొచ్చింది.

పాతఇనుము: విన్నారా? గార్డు కూడా లేదు!

గోదారిగట్టు: ఒక కత్తికి లేకపోతే అన్నిటికీ లేనట్టా?

ఆర్ట్‌సెక్షన్: హైదరాబాద్‌లో పదేళ్లు సెట్ ప్రాపర్టీలు చేశాను. గార్డు లేని నల్ల పిడి కత్తి తెరమీద వంటింటి కత్తిలా ఉంటుంది. ఇత్తడి లైటును పట్టుకుంటుంది, వెడల్పాటి అలుగు వెనక వరసలో కూర్చున్నవాడికీ తెలుస్తుంది. మా పని అది. మిమ్మల్ని మోసం చేసింది అమ్మినవాడైతే తిట్టేది మమ్మల్నా?

పాతఇనుము: మీరు తయారుచేసిన అబద్ధం మీదే కదా వాడు బతికేది!

ఆర్ట్‌సెక్షన్: అబద్ధం అనే మాట వెనక్కి తీసుకోండి. మా మేస్త్రి రాత్రంతా కూర్చుని ఒక పిడి చెక్కేవాడు. ఆయన పేరు ఏ తెరమీదా పడలేదు.

మినపసున్ని: కాస్త నెమ్మదిగా మాట్లాడండి, ఇద్దరూ.

పాతఇనుము: సరే, ఆ మాట మీ మేస్త్రికి తగిలితే క్షమించమనండి. నా బాధ ఇత్తడి గురించి కాదు. మా అబ్బాయి క్లాసులో ఆ కత్తి ఫొటో చూపించి, 1836లో అలమోలో చనిపోయినవాళ్ల చేతిలో ఇలాంటివే ఉండేవని చెప్పాడు. టీచర్ అందరి ముందూ సరిదిద్దింది. ఇంటికొచ్చి ‘నాన్నా, నువ్వు చూసే చెప్పావా?’ అని అడిగాడు.

ఆర్ట్‌సెక్షన్: అర్థమైంది. కానీ సినిమా కత్తి కూడా ఒక కాలపు వస్తువే. 1952 నాటి అసలు ప్రాపర్టీకి డెబ్బై ఏళ్లు దాటాయి. ‘1952, సినిమా కోసం చేసింది’ అని చీటీ కట్టి అమ్మమనండి, నేనే కొంటాను. నకలైతే నకలని రాయాలి.

గోదారిగట్టు: దీంట్లో నాకు పేచీ లేదు. ఇత్తడి మీద మాత్రం ఉంది.

పాతఇనుము: చీటీ కట్టరు. కడితే 900 ఎవరిస్తారు?