అప్‌డేట్: స్లిప్పర్ ఆర్కిడ్లు జయపురం చేరాయి

కోరాపుట్ జిల్లా జయపురం నుంచి రెండు నెలల క్రితం అడిగింది నేనే. ఫోన్‌లో ఒకాయన తక్కువ ధరకి పాఫియోపెడిలమ్ వీనస్టమ్ (చెప్పు ఆకారంలో పూలు పూసే స్లిప్పర్ ఆర్కిడ్ జాతి) ఇస్తానన్నాడు, కాలింపాంగ్ నర్సరీ మూడింతలు చెప్పింది, ఎవరి దగ్గర కొనాలి అని.

మీ మాట విని ముందు ఫోటోలు అడిగాను. ఆ ఫోన్ ఆయన మొక్కలకి వేర్లు తెగి ఉన్నాయి, ఆకుల నిండా పురుగు తిన్న మచ్చలు, ఒక్కోటి ఒక్కో సైజు. అడవిలోంచి పీకినవేనని అర్థమైంది. మన 1972 వన్యప్రాణి చట్టం ఈ జాతికి రక్షణ ఇచ్చింది, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందంలో, అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలోనూ ఉంది. వద్దన్నాను. నిజంగా బాధేసింది, అవి ఏ కొండ మీద ఉండాల్సినవో!

నర్సరీ వాళ్లు మాత్రం విత్తనం నుంచి పెంచినవని బిల్లు మీదే రాసిచ్చారు. రెండు తెప్పించుకున్నాను. కొరియర్ ఆలస్యమై ఒకదాని వేర్లు సగం కుళ్లాయి. ఫోటో పంపితే ఇంకో మొక్క పంపుతామన్నారు, ఇంకా రాలేదు. కుళ్లింది కోసేసి, తడి నాచులో పెట్టాను. ఈ మొక్కలకి నీళ్లు దాచుకునే దుంప ఉండదు కదా, పూర్తిగా ఎండనివ్వకూడదు.

రెండోది బాగుంది. బెరడు ముక్కలు, బొగ్గు, పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు) కలిపి నాటి, తూర్పు వరండాలో నీడనెట్ కింద ఉంచాను. నిన్న మధ్యలోంచి కొత్త ఆకు కనిపించింది. అమ్మని పిలిచి మరీ చూపించాను.

రమణక్కా, ఎరువు ఇప్పుడే వేయొద్దన్నావు, వేయలేదు.