ఈజిప్టులో రాజుల సంగతి కాదు, మామూలు జనం ఎలా బతికారో ఎక్కడ చూడొచ్చు?

గోదారమ్మాయి
డిసెంబరులో అమ్మానాన్నలతో కైరో, లక్సర్ వెళ్తున్నాం. పిరమిడ్లు, టుటన్‌ఖామన్ బంగారం ఎలాగూ చూస్తాం. నాన్న జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. టికెట్లు తీసిన రోజు నుంచీ ఒకటే అడుగుతున్నారు: "ఆ రాళ్ళు మోసినోళ్ళు ఏం తిన్నారమ్మా, ఎక్కడ పడుకున్నారు?" అది కళ్ళారా చూసే చోటు ఉందా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

కువైట్ శ్రీను
ఉందండి. లక్సర్‌లో నైలుకి పడమటి ఒడ్డున దేర్ ఎల్ మదీనా. రాజుల లోయలో సమాధులు తొలిచి, గోడలకి బొమ్మలు వేసిన పనివాళ్ళ ఊరు. పోయినేడాది వెళ్ళాను. ప్రహరీ లోపల 70 దాకా ఇళ్ళు, ఇప్పుడు మొండిగోడలే మిగిలాయి. మధ్యలో సన్నటి వీధి. ముందు గది, పెద్ద గది, వెనక వంటిల్లు, మేడ మీదికి మెట్లు. మా తాతగారి మట్టిల్లు గుర్తొచ్చి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఊళ్ళో నీటిచుక్క లేదు, కింద నుంచి గాడిదల మీద మోసుకొచ్చేవారు.

మీ నాన్నగారికి అక్కడి సెన్నెజెమ్ సమాధి తప్పకుండా చూపించండి. ఆయనా ఆ ఊరి పనివాడే. గోడ మీద ఆయన మచ్చల పశువుల జతతో దున్నుతుంటే భార్య వెనకే విత్తనాలు చల్లుతూ నడుస్తుంది. ఇంకో వరుసలో కోత. చచ్చాక చేరుకుంటామని వాళ్ళు నమ్మిన లోకం అదే, ఏటా పండే పొలం. లోపలికి వంగి దిగాలి, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులుంటే పైనే ఉండమనండి.

లండన్‌లో తెనాలి
ఆ ఊరి హాజరుపట్టీ ఇక్కడ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. సున్నపురాయి పలక మీద రాశారు. రెండో రామ్సెస్ ఏలుబడిలో 40వ ఏడు, 40 మంది పేర్లు, 280 రోజుల లెక్క. తారీఖు నల్లసిరాతో, రాకపోవడానికి కారణం ఎర్రసిరాతో. ఒకరికి తేలు కుట్టింది. ఒకరికి కళ్ళ జబ్బు. ఒకరు బీరు కాచుకోవాలి. ఇంకొకరు తల్లి శవానికి గుడ్డ చుట్టాలి. ఇంట్లో ఆడవాళ్ళు ముట్టయ్యారని మగవాళ్ళు పనికి రాని రోజులూ ఉన్నాయి! మా ఇంట్లో అమ్మమ్మ మూడు రోజులు దూరం కూర్చునేది గానీ, తాతయ్య పని మానడం ఎప్పుడూ ఎరగం.

నాంపల్లి పిలగాడు
మమ్మీ చూడనీకి విమానమెక్కే పని లేదు. మన హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంల ఉన్నది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొన్నడు, ఏడో నిజాం మ్యూజియంకిచ్చిండు. ఈజిప్టునేలిన గ్రీకు రాజులు టోలెమీల కాలందట. చిన్నగున్నప్పుడు అమ్మ తోల్కవోయి చూపిచ్చింది, ఆ రాత్రి నిద్ర పట్టలే. అప్పటిసంది చదువుతనే ఉన్న. మమ్మీ చేసుడు మొత్తం 70 దినాల తంతు, నేట్రాన్ ఉప్పుల ఎండబెట్టుడు. మెదడును ముక్కులకెళ్లి తీసేటోళ్లు గని, గుండెను మాత్రం లోపల్నే ఉంచేటోళ్లు. ఎందుకంటే అవుతల లోకంల గుండెను త్రాసుల పెట్టి సత్యానికి దేవతైన మాత్ ఈకతోని తూస్తరు. థోత్ దేవుడు పక్కన నిలవడి రాస్తడు. అగ జూస్తే నాకు మన చిత్రగుప్తుడే యాదికొస్తడు.

మిల్లు రమణ
నాన్నగారు తిండి గురించి అడిగారు కదమ్మా. దేర్ ఎల్ మదీనాలో కూలి ధాన్యంగానే ఇచ్చేవారు. మామూలు పనివాడికి నెలకి 4 ఖార్ల గోధుమ, ఒకటిన్నర ఖార్ల బార్లీ. ఖారంటే దాదాపు 76 లీటర్ల కొలత. గోధుమలు రొట్టెకి, బార్లీ బీరుకి. చేపలు, కూరలు, కట్టెలు వేరేగా వచ్చేవి. మూడో రామ్సెస్ 29వ ఏట, అంటే క్రీ.పూ. 12వ శతాబ్దం నడుమ, ఆ ధాన్యం రావడం ఆగిపోయింది. పని ఆపి, రాజుల స్మారక ఆలయాల దగ్గరికెళ్ళి కూర్చున్నారు. ఆకలీ దాహం మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి, గుడ్డ లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు అన్నారు. ఆ రాత ఇప్పుడు ఇటలీలోని తూరిన్ మ్యూజియంలో ఉంది. రాతలో దొరికిన సమ్మెల్లో మొదటిది అదే. జీతాలు రాక రెండు నెలలు గేటు ముందు కూర్చున్నవాణ్ణి నేను. చదివినప్పుడు గొంతు పట్టేసింది.

లండన్‌లో తెనాలి
ఒక సవరణ. వీళ్ళు పిరమిడ్లు కట్టినవాళ్ళు కాదు, ఆ తర్వాత వెయ్యేళ్ళకి పైగా గడిచాక పుట్టినవాళ్ళు. పిరమిడ్ల కూలీల సమాధులు గిజాలోనే 1990లో బయటపడ్డాయి. గుర్రం కాలు ఒక మట్టిగోడకి తగిలితే తెలిసింది. రొట్టె, బీరు కుండలతో పూడ్చారు. విరిగి, మళ్ళీ సరిగ్గా అతుక్కున్న ఎముకలు కూడా దొరికాయి. ఎవరో కట్టు కట్టి చూసుకున్నారన్నమాట. కొరడా దెబ్బల బానిసల కథ నాన్నగారికి చెప్పకండి.

సుభద్ర
ఆ ఊళ్ళోనే నౌనఖ్తే అనే ఆవిడ ఉండేది. ఎనిమిది మంది పిల్లలు. ముసలితనంలో సాక్షుల్ని కూర్చోబెట్టి వీలునామా రాయించింది. చూసుకున్నవాళ్ళకి తన ఆస్తిలో వాటా, చూసుకోనివాళ్ళకి లేదు. పిల్లలకి వాళ్ళ తండ్రి నుంచి వచ్చే ఆస్తి జోలికి మాత్రం పోలేదు. ఆడదాని ఆస్తి ఆడదాని పేరునే ఉండేదని మా పిల్లలకి చదివి వినిపించాను.

గోదారమ్మాయి
అందరికీ దండాలు. అన్నీ నాన్నకి చదివి వినిపించా. సెన్నెజెమ్ దగ్గర ఆపి, "ఆవిడ ఏ చేత్తో చల్లుతుందో చూడాలి" అన్నారు. సుభద్రగారూ, చూసుకున్న పిల్లలకి ఏమిచ్చిందో ఉందా?

సుభద్ర
ఉందమ్మా. ఒక కొడుక్కి అందరికంటే ఎక్కువగా కంచు గిన్నె ఒకటి రాసింది, కడుక్కునేందుకు వాడేది.