అర ఎకరం వరిమడిలో మీథేన్ కొలత: ఛాంబరా, టవరా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థి, అమలాపురం)
దాళ్వా వరిలో ఎప్పుడూ నీరు నిలిపే మడికీ, ఆరుతడి పెట్టే మడికీ మీథేన్ విడుదలలో ఎంత తేడా ఉంటుందో కొలవదలిచాను. మడులు ఒక్కొక్కటి అర ఎకరం. గట్ల మీద కొబ్బరి చెట్లు, ఒక పక్క చేపల చెరువు ఉన్నాయి. మొక్కలపై పెట్టె బోర్లించి లోపల చేరే వాయువును కొలిచే మూసిన ఛాంబర్ పద్ధతి చాలునా, ఎడ్డీ కోవేరియన్స్ టవర్ కోసం ప్రయత్నించాలా?

సమాధానం 1
టవర్ ఆలోచన విరమించుకోండి. గాలి నిలువు వేగాన్నీ మీథేన్ గాఢతనూ సెకనుకు 10 లేదా 20 సార్లు నమోదు చేసి, ఆ రెండింటి హెచ్చుతగ్గులు ఏ మేరకు కలిసి నడిచాయో అరగంటకొకసారి లెక్కగట్టే ఆ పద్ధతికి, గాలి వచ్చే వైపున పరికరం ఎత్తుకు సుమారు 100 రెట్ల దూరం ఒకే తీరు నేల ఉండాలి. 3 మీటర్ల ఎత్తున బిగిస్తే 300 మీటర్లు కావాలి. కోనసీమలో ఆ దూరంలో మడి, తోట, కాలువ, చెరువు అన్నీ వచ్చేస్తాయి. అప్పుడు చేతికందే అంకె ఊరిదవుతుంది గాని మీ మడిది కాదు.

ఛాంబర్‌లో వరి దుబ్బులు తప్పక ఉండాలి. మీథేన్‌లో అధిక భాగం మొక్క లోపలి గాలి గొట్టాల గుండానే పైకి వస్తుంది కనుక, వరుసల మధ్య ఖాళీ నీటిపై పెట్టిన ఛాంబర్ చాలా తక్కువ చూపిస్తుంది.

సమాధానం 2
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. ఛాంబర్ అడుగు చట్రాన్ని ముందుగానే బురదలో దించి, నడవడానికి చెక్క బల్ల వేసుకోండి. పక్కన కాలు మోపితే చాలు, బురదలోని బుడగలు పొంగి ఆ కొలత చెడిపోతుంది. 0, 10, 20, 30 నిమిషాలకు సిరంజితో తీసిన నమూనాల్లో మీథేన్ గాఢత గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో (వాయువులను విడదీసి కొలిచే పరికరం) సరళరేఖగా పెరగకపోతే ఆ వరుసను నిర్మొహమాటంగా పక్కన పెట్టాలి.

ఆరుతడి మడిలో వారానికొక కొలత చాలదని నా అభిప్రాయం. నీరు తీసిన తొలి రోజుల్లో నేలలో చిక్కుకున్న మీథేన్ ఒక్కసారిగా బయటపడుతుంది. తరువాత, ముఖ్యంగా యూరియా చల్లాక, నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే భూమిని వేడెక్కించడంలో మీథేన్ ప్రభావం దాదాపు 27 రెట్లయితే, నైట్రస్ ఆక్సైడ్‌ది 273 రెట్లు. అందువల్ల రెండూ కొలవనిదే ఆరుతడి లాభం తేలదు.

ప్రశ్నించినవారు
ధన్యవాదాలండీ. చెరువు మీది మీథేన్ గాలితో కొట్టుకొచ్చి నా ఛాంబర్ కొలతను పెంచదా?

సమాధానం 1
పెంచదు. చెరువు వల్ల మొదటి నమూనా గాఢత కొంచెం ఎక్కువ ఉండవచ్చు. అయితే మీరు లెక్కించేది మూత వేశాక ఆ గాఢత నిమిషానికి ఎంత పెరిగిందన్నదే. దాన్ని నీటి మట్టం నుంచి కొలిచిన ఛాంబర్ లోపలి ఎత్తుతో గుణించి, ఆ వేళ లోపలి ఉష్ణోగ్రతకు సవరించండి.