యూరప్ చరిత్రా, ప్రపంచ చరిత్రా: కాలేజీలో ఏది తీసుకోవాలి?

ప్లేనో నాన్న
మా అమ్మాయి టెక్సాస్‌లో ఒక పబ్లిక్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరం. ఇక్కడి రాష్ట్ర చట్టం ప్రకారం ఏ బ్రాంచి వాళ్లయినా అమెరికా చరిత్ర 6 క్రెడిట్లు చదవాల్సిందే. అది పోగా ఇంకో కోర్సు తనే ఎంచుకోవాలి. పాశ్చాత్య నాగరికత పేరుతో యూరప్ చరిత్ర ఒకటి, ప్రపంచ చరిత్ర ఒకటి ఉన్నాయి. తను యూరప్ అంటోంది. నాకేమో ప్రపంచ చరిత్రే మేలనిపిస్తోంది. చదివినవాళ్లు చెప్పండి.

సుద్దముక్క
అమ్మాయి మాటే వినండి. నేను డిగ్రీ కాలేజీలో ఈ రెండు పేపర్లూ చెప్పాను. ప్రపంచ చరిత్ర అంటే ఒక్క సెమిస్టర్‌లో చైనా, అరబ్బులు, ఆఫ్రికా, ఇంకా లాటిన్ అమెరికా. ఏదీ వారం దాటదు. పిల్లలకు మిగిలేది పేర్లూ తేదీలే. యూరప్ ఒక్కటే అయితే ఒక చోట ఆగి చూడొచ్చు. 1789లో ఫ్రాన్సు రాజు దేశమంతటా జనం ఫిర్యాదులు రాయించి తెప్పించాడు. ఉప్పు పన్ను మోయలేకపోతున్నామని, దొరల పావురాలు విత్తనాలు తినేస్తున్నా కొట్టే హక్కు మాకు లేదని పల్లెల్లో రాసుకున్నారు. ఆ ఏడాది ఆగస్టు 4 రాత్రి జాతీయ సభలో రద్దు చేయడానికి ఒప్పుకున్నవాటిలో దొరలు పావురాలు పెంచుకునే ఆ హక్కు కూడా ఉంది. అలాంటి కాగితాలు నాలుగు చదివిన పిల్లకి విప్లవం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

బందరు కాలువ
సుద్దముక్క గారు చెప్పిన పావురాల సంగతి చాలా బాగుంది. కానీ ఆ కోర్సును యూరప్ దగ్గరే ఆపేస్తే అసలు కారణాలు బయటే ఉండిపోతాయండీ.

1756 నుంచి 1763 దాకా జరిగిన ఏడేళ్ల యుద్ధమే తీసుకోండి. యూరప్ పుస్తకంలో అది ప్రష్యా, ఆస్ట్రియాల గొడవ. అమెరికా పుస్తకంలో అడవుల్లో ఫ్రెంచివాళ్లతో పోరు. మన దగ్గర? 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషు కంపెనీ సేనాని కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతి సేనలతో కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇంగ్లీషువాళ్లు కెనడాలో క్విబెక్ గెలిచారు. రెండు చోట్లా ఒకటే శత్రువు, ఒకటే యుద్ధం.

యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపయింది. ఆ భారం మధ్య, అమెరికాలో ఉంచిన సైన్యాన్ని పోషించడానికి 1765లో అక్కడి తమ వలసరాజ్యాల మీద స్టాంపు పన్ను వేశారు. తర్వాత బెంగాల్ కరువుతో, లండన్ బ్యాంకుల సంక్షోభంతో ఈస్టిండియా కంపెనీ కుదేలైంది. దాన్ని నిలబెట్టడానికే, కంపెనీ తన తేయాకును నేరుగా అమెరికాలో అమ్ముకునేలా 1773లో టీ చట్టం తెచ్చారు. ఆ డిసెంబర్‌లో బోస్టన్ రేవులో నీళ్లపాలైన 342 పెట్టెల తేయాకు ఆ కంపెనీదే. మీ అమ్మాయి అమెరికా చరిత్రలో ఈ పెట్టెల గురించి ఎలాగూ చదువుతుంది. వాటి వెనక బెంగాల్ ఉందని ఎవరు చెప్తారు?

సుద్దముక్క
చెప్పాల్సిందే, కాదనను. అయితే కరువు ఒక్కటే తెలిస్తే చాలదు. కంపెనీని కాపాడాలని లండన్ పార్లమెంటుకు అంత ఆరాటం ఎందుకు? సభ్యుల్లో కంపెనీ వాటాదారులు ఎంతమంది, ప్రభుత్వానికి అప్పులు ఎవరిచ్చేవాళ్లు? అది లోతుగా చదివేది యూరప్ క్లాసులోనే. ప్రపంచ చరిత్రలో దానికి ఐదు నిమిషాలు కూడా దొరకవు.

బందరు కాలువ
నిజమే, టైము పెద్ద సమస్య. కానీ యూరప్ క్లాసులో, కరీబియన్‌లో అప్పటి ఫ్రెంచి వలసరాజ్యమైన హైతీకి ఎన్ని నిమిషాలిస్తారు? ఫ్రాన్సుకు చక్కెర, కాఫీ పండించిపెట్టిన బానిసలు 1791లో తిరగబడి, నెపోలియన్ సైన్యాన్ని ఓడించి, 1804లో స్వతంత్ర దేశం కట్టారు. మనుషులందరూ సమానమన్న మాటను పారిస్ కంటే నిజాయితీగా పాటించింది వాళ్లు. అక్కడ సైన్యం దెబ్బతింటుండగానే నెపోలియన్ 1803లో ఉత్తర అమెరికాలోని లూసియానా ప్రాంతాన్ని అమెరికాకు అమ్మేశాడు, అమెరికా రెట్టింపు దేశమైంది. 1825లో హైతీ మీద ఫ్రాన్సు 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం మోపింది. బానిసల యజమానులకు బానిసలుగా బతికినవాళ్లే డబ్బు కట్టడమేమిటండీ! ఇది తెలియకుండా ఫ్రెంచి విప్లవం చదివామంటే నేనొప్పుకోను.

మెయిన్స్ 3వసారి
సివిల్స్‌కి తయారవుతున్నాను. 2013 నుంచి మెయిన్స్‌లో ప్రపంచ చరిత్ర ఉంది, 18వ శతాబ్దం నుంచి. నోట్సులో పారిశ్రామిక విప్లవం ఒక పేజీ, వలసరాజ్యాలు ఇంకో పేజీ. రెంటికీ సంబంధం రాయమంటే నాలాంటివాళ్లకు టెన్షన్. కాలేజీలో ఒక్క లెక్చరరైనా ఇలా కలిపి చెప్పి ఉంటే బాగుండేది.

ప్లేనో నాన్న
సంతోషమండీ. ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. రెండు కోర్సుల సిలబస్‌లూ ఇప్పుడే తెరిచింది. యూరప్ కోర్సులో హైతీ ఉంది, ఒక వారం మొత్తం. ప్రపంచ చరిత్ర కోర్సులో విడి పత్రాలేమీ లేవు, పాఠ్యపుస్తకమే. యూరప్‌కే రిజిస్టర్ చేసుకుంటోంది. ఏడేళ్ల యుద్ధంలో చందుర్తి గురించి ప్రొఫెసర్‌ని అడుగుతానంటోంది. దాని మీద ఇంగ్లీషులో చదవడానికి ఏమైనా ఉంటే చెప్పండి, బందరు కాలువ గారూ.